కోన్ల మధ్య దారి

జనవరి 12

మావయ్యకి,

మీ పిచ్చుక రాస్తున్న ఉత్తరం. ఫోన్లో అరిచి చెప్పాల్సిన సంగతి కాదు కాబట్టి కాగితం తీసుకున్నాను. మీ చెవి మిషను ఇంకా సొరుగులోనే ఉందని అత్తయ్య చెప్పింది. తీసి పెట్టుకోండి. సొరుగు వినడానికి కొన్నది కాదు కదా అది.

ఇక్కడ కళ్ళజోళ్ళ షాపులో పని ఎప్పట్లాగే ఉంది. వెనక గదిలో నేనూ, అద్దాలు అరగదీసే మిషనూ. ముందు గదిలో మా ఓనరూ, ఆయన జోకులూ. మిషను చప్పుడు వల్ల జోకులు నాదాకా రావు. అందుకే ఇన్నేళ్ళుగా ఒకేచోట పనిచేస్తున్నాను.

అసలు సంగతికి వస్తాను. పోయిన నెల ఒకావిడ వచ్చారు. అరవై దాటి ఉంటాయి. లెక్కల టీచరుగా చేసి రిటైరయ్యారట. కళ్ళజోడు కాడలు వీలైనంత సన్నగా, వంపు తక్కువగా కావాలన్నారు. హెల్మెట్టు లోపల ఇరుక్కోకూడదట. "స్కూటరు నడుపుతారా" అన్నాను. "కాదమ్మా, కారు" అన్నారు. కార్లో హెల్మెట్టు ఎందుకని నేను అడక్కుండా ఉంటే ఈ ఉత్తరమే ఉండేది కాదు.

దాన్ని ఆటోక్రాస్ అంటారు మావయ్యా. ఒక రకం పోటీ. నెలకో ఆదివారం, ఊరి బయట మూతబడిన గోడౌన్ల ముందున్న సిమెంటు మైదానంలో పెడతారు. రోడ్డు పనులు జరిగేచోట నారింజ రంగు రబ్బరు కోన్లు పెడతారే, వాటితో వంకరటింకర దారి తయారుచేస్తారు. ఆ దారిలో ఒకసారికి ఒక్క కారే వెళ్తుంది. పక్కన ఇంకో కారు ఉండదు. ఎంతసేపట్లో బయటికొచ్చావో గడియారం చూసి రాసుకుంటారు. కోను పడితే రెండు సెకన్లు కలుపుతారు. అంతకు మించి శిక్ష లేదు.

"నేను కారు ముట్టుకుని మూడేళ్ళయింది" అన్నాను. ఎందుకని ఆవిడ అడగలేదు. కొత్త కళ్ళజోడు పెట్టుకుని అద్దంలో చూసుకుంటూ, "కారు జారితే ఏం చెయ్యాలో ఎవరూ ముందుగా నేర్పరు. మా దగ్గరికి రా, నేర్పుతాం. అక్కడ కోన్లు తప్ప ఇంకేం పడవు" అన్నారు.

ఆ వాన రోజు గురించి మనిద్దరం ఇంతవరకూ మాట్లాడుకోలేదు. మీ కారు, నా చేతులు, పక్క సీట్లో అత్తయ్య. మలుపులో బ్రేకు తొక్కాను. కారు నా మాట వినలేదు. గోడ అడ్డం వచ్చింది. అత్తయ్య తుంటి ఎముక అతికింది గానీ చేతికర్ర మాత్రం ఉండిపోయింది. ఆస్పత్రి వరండాలో మీరు నాతో "టీ తాగావా" అన్నారు. అంతే.

ఆ రోజు నాకు ఏం చేతకాలేదో తెలుసుకోవాలని ఉంది. పేరు ఇచ్చేశాను. నాకు గేరు మార్చడం నేర్పింది మీరు కాబట్టి, మీకు చెప్పకుండా వెళ్ళబుద్ధి కాలేదు.

మీ మేనకోడలు

*

జనవరి 20

పిచ్చుకకి మావయ్య ఆశీస్సులు.

ఉత్తరం అందింది. "పోటీ" అన్న మాట దాకా చదివి, మడిచి జేబులో పెట్టుకున్నాను.

ముప్ఫై ఒక్క ఏళ్ళు బస్సు నడిపాను. ఒక్కరోజు ఎవరితోనూ పోటీ పడలేదు. వెనక నుంచి హారను కొట్టినవాడికల్లా పక్కకి తప్పుకుని దారిచ్చాను. నీకు నలభై దగ్గర పడుతున్నాయి. ఇప్పుడు రేసులేంటి?

ఈ సంగతి మీ అత్తయ్యకి చెప్పను. చెప్పడం నావల్ల కాదు.

వంటింట్లో కుళాయి కారుతోంది. వాషరు మార్చాను. ఇప్పుడు ఇంకా శ్రద్ధగా కారుతోంది. చెవి మిషను పెట్టుకుంటే ఎవరో నా పక్కన కూర్చుని పొట్లం కాగితం నలుపుతున్నట్టు ఉంటుంది. సొరుగులోనే దానికి సుఖం, నాకూ సుఖం.

జాగ్రత్త.

మావయ్య

*

ఫిబ్రవరి 9

మావయ్యకి,

ఇంట్లో ఈ కార్డు ముక్కే దొరికింది. వెళ్ళొచ్చాను. మొదటి రోజే ఏడింటిని గుద్దాను. ఎనిమిదోది కారు కింద ఇరుక్కుపోతే ముగ్గురు వంగి బయటికి లాగారు. ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. పైగా చప్పట్లు కొట్టారు. నేనింత సంతోషంగా ఉండి చాలా కాలమైంది. అత్తయ్యకి నేనూ చెప్పను. వివరంగా మళ్ళీ రాస్తాను.

పిచ్చుక

*

ఫిబ్రవరి 14

పిచ్చుకా,

నీ కార్డు గుమ్మంలో నిలబడి చదివాను. కంగారులో "ఏడింటిని" అని రాసినట్టున్నావు. ఏడుగురిని గుద్దడమేంటి? ఎనిమిదో మనిషి కారు కిందికి ఎలా వెళ్ళాడు? ఇప్పుడు ఎలా ఉన్నాడు? చప్పట్లు కొట్టినవాళ్ళు మనుషులేనా? నీ మీద కేసు పెట్టారా? పోస్టుమాన్ కూడా కార్డు చదివే ఉంటాడు. సైకిలు దిగకుండానే చేతికిచ్చి, వెనక్కి చూసుకుంటూ వెళ్ళిపోయాడు. ఏం జరిగినా దాచకుండా వెంటనే రాయి. అవసరమైతే బయల్దేరి వస్తాను.

మావయ్య

తా.క. పైది రాశాక నీ మొదటి ఉత్తరం జేబులోంచి తీసి చివరిదాకా చదివాను. రబ్బరు కోన్లు అని ఉంది. మంచిది. ఇకమీదట ఇలాంటివి కార్డు మీద రాయకు.

మిగతాది కూడా చదివాను.

*

మార్చి 11

మావయ్యకి,

మీ ఉత్తరం టీచరమ్మకి చదివి వినిపించాను. ఆవిడ నవ్వి నవ్వి, నేను బిగించిన కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకున్నారు. ఎనిమిదో మనిషి క్షేమం. ఒక పక్క కాస్త చొట్టపడింది, అంతే.

మొదటి రోజు సంగతి చెబుతాను. ముందు అందరం ఆ దారిని కాలినడకన చూశాం. నేను మూడుసార్లు తిరిగాను. నడుస్తుంటే అంతా తెలిసినట్టే ఉంది. టీచరమ్మ కార్లో, ఆవిడ పక్కనుండగా, హెల్మెట్టు పెట్టుకుని కూర్చున్నాక చూస్తే ఎటు చూసినా కోన్లే. దారి ఏదో, ఖాళీ ఏదో తెలియలేదు. జెండా ఊపారు. కదిలాను. రెండో మలుపులో దారి తప్పి, టైము రాసుకునేవాళ్ళ బల్ల ముందుకెళ్ళి ఆగాను. ఆ బల్ల దగ్గరున్నాయన లేచి నమస్కారం పెట్టాడు.

"కోనుని చూడకు. దేన్ని చూస్తే దాని మీదికే వెళ్తావు. నువ్వు వెళ్ళాల్సిన చోటు చూడు" అన్నారు టీచరమ్మ. పొద్దస్తమానం అందరి చూపూ సరిచేసే దాన్ని. నా చూపు ఎక్కడుంటుందో ఎప్పుడూ చూసుకోలేదు.

ఒక్కొక్కరికి నాలుగు పరుగులు, అంటే ఆ దారిలో నాలుగుసార్లు వెళ్ళొచ్చు. మూడో పరుగులో కారు జారింది. జారింది మావయ్యా, ఆ రోజు లాగే, కింద నేల లేనట్టు. నా కాలు దానంతటదే బ్రేకు మీదికి వెళ్ళింది. "కాలు తియ్యి. స్టీరింగు నిమ్మళంగా. అటు చూడు" అన్నారావిడ, అరవకుండా. కాలు తీశాను. కారు రెండు కోన్లని ఊడ్చేసి, మళ్ళీ నా మాట వింది. బయటికొచ్చాక ఏడ్చాను. ఆవిడ మంచినీళ్ళ సీసా ఇచ్చారు.

మన వంతు అయ్యాక నారింజ కోటు వేసుకుని మైదానంలో నిలబడాలి. వేరేవాళ్ళు పడగొట్టిన కోన్లని పరుగెత్తి నిలబెట్టాలి. అందుకే అక్కడ ఎవరూ ఎవరినీ తిట్టరు. నేను పడగొట్టినవి ఒక బ్యాంకు గుమాస్తా నిలబెట్టాడు. అతను పడగొట్టినవి నేను నిలబెట్టాను.

ఈ నెల నా సొంత కారు తీసుకెళ్ళాను. మూడేళ్ళుగా గుడ్డ కప్పుకుని మెట్ల కింద పడుకున్నదే. కడిగి, తుడిచి, కొత్త బ్యాటరీ వేయించాను. మైదానంలోకి వెళ్ళేముందు ప్రతి కారునీ పరీక్ష చేస్తారు. అది చూసేది ఒక ప్లంబరు. నా ముందు టైరు గాడిలో గోరు పెట్టి చూశాడు. గోరు దిగలేదు. "ఈ కారు లోపలికి రాదమ్మా. టైర్లు నున్నగా అరిగిపోయాయి. పొడి నేల మీదే కష్టం. తడి నేల మీదైతే ఇది సబ్బుముక్క. స్టీరింగు ఎవరి చేతిలో ఉన్నా ఒకటే" అన్నాడు. నాకు సిగ్గేసింది. మళ్ళీ టీచరమ్మ కారే నడిపాను. చిన్నప్పుడు సెలవుల్లో డిపోకి తీసుకెళ్ళేవారే, అప్పుడు మీరు బస్సు చుట్టూ తిరిగి ఒక్కో టైరూ ఇలాగే తడిమి చూసేవారు. అది గుర్తొచ్చి, ఆ ప్లంబరు మీద గౌరవం కలిగింది. వీళ్ళందరూ ఎన్నాళ్ళ బట్టో తెలిసినవాళ్ళలా ఉన్నారు నాకు.

మీకు ఏమనిపిస్తోందో రాయండి.

పిచ్చుక

*

ఏప్రిల్ 13

మావయ్యకి,

నెల దాటింది. మీ దగ్గర్నుంచి ఉత్తరం లేదు. అత్తయ్యకి ఫోను చేస్తే, "మీ మావయ్య నీ ఉత్తరం చొక్కా జేబులో పెట్టుకుని తిరుగుతున్నారు. చొక్కా మారిస్తే అదీ మారుతోంది. నాకు మాత్రం చూపించరు" అంది.

"చెప్పడం నావల్ల కాదు" అని మీరు రాసిన మాట నాకు ఇప్పుడు అర్థమైంది. అత్తయ్య కర్ర పట్టుకుని గదిలోంచి గదిలోకి నడుస్తుంటే మీరు రోజూ చూస్తారు. ఆవిడ నడకని అలా చేసిన మనిషి, కోన్ల మధ్య కారు తిప్పి చప్పట్లు కొట్టించుకున్నానని మీకు సంబరంగా రాసింది. మీ స్థానంలో ఉంటే నేనైనా జవాబు రాయను.

ఈ నెల వెళ్ళలేదు. ఇక వెళ్ళను. టీచరమ్మకి హెల్మెట్టు తిరిగిచ్చేశాను. ఇన్నాళ్ళూ మీరు నన్ను ఒక్క మాట అనకపోవడమే ఎక్కువ. నన్ను క్షమించండి.

పిచ్చుక

*

ఏప్రిల్ 18

పిచ్చుకా,

నీ మీద నాకు కోపం లేదు. ముందు అది రాసి, తర్వాత మిగతాది రాస్తాను.

ఆ ప్లంబరు టైరు గాడిలో గోరు పెట్టి చూశాడని రాశావు. నేనూ పెట్టి చూశాను. ఆ వానకి పది రోజుల ముందు, మన వాకిట్లో, నా కారు టైరు గాడిలో. గోరు దిగలేదు. రెండో టైరూ అంతే. చేతులు కడుక్కుని లోపలికి వచ్చేశాను. వచ్చే నెల మార్పిద్దాం అనుకున్నాను.

బస్సుకి అలాంటి టైర్లు ఉంటే డిపో గేటు దాటించేవాణ్ణి కాదు. ఒకసారి దాటించనని కూర్చున్నాను కూడా. సస్పెండు చేస్తానని మేనేజరు కేకలేసినా కదల్లేదు. సొంత కారు కాబట్టి, ఊళ్ళో తిరగడానికే కాబట్టి, ఊరుకున్నాను. ఆ రోజు మీ అత్తయ్య పంటి డాక్టరు దగ్గరికి వెళ్ళాలంటే తాళాలు నీ చేతిలో పెట్టింది నేను. వాన పడుతోంది. "మెల్లగా వెళ్ళు" అన్నాను. టైర్ల సంగతి చెప్పలేదు. గుర్తు రాక కాదు. గుర్తుంది.

ఆస్పత్రి వరండాలో నువ్వు "నావల్లే, నావల్లే" అంటుంటే చెబుదామనే నోరు తెరిచాను. టీ మాట వచ్చింది. తర్వాత మీ అమ్మ నలుగురిలో, "దీనికి మొదట్నుంచీ దూకుడే" అంది. నేను అక్కడే కుర్చీలో ఉన్నాను. వినపడనట్టు కూర్చున్నాను. అప్పటికి నా చెవులు బాగానే పనిచేస్తున్నాయి.

నీ కారు సంగతి మీ అత్తయ్యకి చెబితే ఆ రోజు మాట వస్తుంది. ఆ మాట వస్తే నా మొహం చూసి ఆవిడ కనిపెట్టేస్తుంది. చెప్పడం నావల్ల కాదన్నది అందుకు. నీ తప్పేదో దాచి నిన్ను కాపాడుతున్నానని కాదు. నన్ను నేనే కాపాడుకున్నాను.

నువ్వు కారు మానేసి మూడేళ్ళు బస్సులో వెళ్ళావు. బస్సు డ్రైవరు మేనకోడలివి కదా, బస్సులో వెళ్తే తప్పేముందని నాకు నేను చెప్పుకున్న రోజులున్నాయి. ఎంత సిగ్గులేని మాటో చూడు.

హెల్మెట్టు తిరిగి తెచ్చుకో. ఆ ఆట మానేయాల్సింది నువ్వు కాదు. నాకు జవాబు రాయకపోయినా తప్పు పట్టను.

మావయ్య

*

మే 3

మావయ్యకి,

మీ ఉత్తరం షాపు వెనక గదిలో నిలబడి చదివాను. ఆ సాయంత్రం ఒకరి అద్దాలు తప్పుగా కోసి రెండూ పాడుచేశాను. పదమూడేళ్ళలో మొదటిసారి. ఓనరు జోకు కూడా వెయ్యలేదు.

రెండు రోజులు మీ మీద కోపంతో ఉన్నాను. రాయకుండా దాచలేను. వాన పడిన ప్రతిసారీ కిటికీ మూసుకుని, రేడియో పెట్టుకుని కూర్చున్న మూడేళ్ళు గుర్తొచ్చాయి. మీ ఇంటికి వస్తే అత్తయ్య కర్ర చప్పుడు వినపడకుండా ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండేదాన్ని. మీరు అదంతా చూశారు. చూసి పేపరు తిరగేశారు.

మూడో రోజు పొద్దున పళ్ళు తోముకుంటుంటే నా చేతులు తేలిగ్గా అనిపించాయి. ఎలా చెప్పాలో తెలియడం లేదు. ఇన్నాళ్ళూ అవి నా చేతుల్లా లేవు. ఏదో చేసి వచ్చిన చేతుల్లా ఉండేవి.

మిమ్మల్ని ఎవరూ అడగలేదు. మీరు చెప్పకపోతే నాకు ఎప్పటికీ తెలిసేది కాదు. అరిగిన టైరు నాకు కోన్ల దగ్గర కనిపించినా, మీ కారుతో దాన్ని కలిపి చూడాలని తోచలేదు. మీ మీద నాకు అంత నమ్మకం. ఆ నమ్మకం పోతుందని తెలిసి కూడా మీ చేత్తో మీరే రాశారు. ఈ వయసులో, ఆ వంకర అక్షరాలతో, కొట్టివేతలు లేకుండా. అందుకు మీకు దణ్ణం పెడుతున్నాను. కోపం ఇంకా కాస్త ఉంది. అది ఉండగానే దణ్ణం పెడుతున్నాను.

బ్రేకు గట్టిగా తొక్కింది మాత్రం నేనే. మంచి టైర్లుంటే ఆ గోడ తప్పేదా అని టీచరమ్మని అడిగాను. "తప్పేదేమో. తప్పకపోనూవచ్చు. కచ్చితంగా చెప్పలేను" అన్నారు. లెక్కల టీచరుకే తేలని లెక్క మనమిద్దరం రోజూ వెయ్యొద్దు.

ఒక్కటి మాత్రం అడుగుతాను. అత్తయ్యకి మీరే చెప్పాలి. నా నోటి నుంచి రావలసిన మాట కాదు అది.

నా కారుకి కొత్త టైర్లు వేయించాను. హెల్మెట్టు తెచ్చుకున్నాను. జూన్ మొదటి ఆదివారం మళ్ళీ వెళ్తున్నాను.

పిచ్చుక

*

మే 17

పిచ్చుకా,

చెప్పాను. మధ్యాహ్నం భోజనాలయ్యాక, సొరుగులోంచి చెవి మిషను తీసి పెట్టుకుని మరీ చెప్పాను. ఆవిడ ఏమన్నా పూర్తిగా వినాలి కదా.

మంచినీళ్ళ గ్లాసు బల్ల మీద పెట్టి, "మూడేళ్ళు ఇది మింగి కూర్చున్నారా" అంది. అవునన్నాను. "నా కాలి సంగతి తర్వాత. ఆ పిల్ల ఈ ఇంటికి వచ్చినప్పుడల్లా తలొంచుకుని వచ్చింది. అది మీకు కనపడలేదా" అంది. కనపడిందన్నాను. అంతే, సాయంత్రం దాకా మాటల్లేవు. చెవి మిషను పెట్టుకుని అంత నిశ్శబ్దం వినడం నాకు అదే మొదలు.

చీకటి పడకముందే మీ అమ్మకి ఫోను చేసి, నన్ను ఎదురుగా నిలబెట్టి అంతా చెప్పింది. "దూకుడు దానిది కాదు వదినా, నిర్లక్ష్యం ఈయనది" అంది. మీ అమ్మ నీకు ఫోను చేస్తుంది. ఏడిస్తే ఏడవనీ. ఆ మాట అన్నందుకు తనూ బాధపడుతోంది.

తర్వాత నీ ఉత్తరాలన్నీ తీసుకుని వరసగా చదివింది. ఎనిమిదో మనిషి దగ్గర నవ్వింది. అప్పుడు నాకు ఊపిరాడింది.

జూన్ మొదటి ఆదివారానికి మేమిద్దరం వస్తున్నాం. రైల్లో వస్తాం. కోన్ల మధ్య నీ పక్కన కూర్చోనిస్తారేమో కనుక్కోమంటోంది మీ అత్తయ్య. హెల్మెట్టు కోసం తల చుట్టుకొలత టేపుతో కొలిచి కాగితం మీద రాసి పెట్టుకుంది. ఆ ఎముకతో వద్దని నువ్వే చెప్పు. ఈ ఇంట్లో ప్రస్తుతం నా మాటకి విలువ లేదు, ఉండాలని అడిగే మొహమూ లేదు.

మావయ్య

*

జూన్ 9

పిచ్చుకకి,

క్షేమంగా చేరామని రాయడం దండగ. చేర్చింది నువ్వే. తిరుగు ప్రయాణానికి రైలు టిక్కెట్లు ఉన్నా, "దింపి వస్తాను" అని నువ్వు అన్నప్పుడు నేను మీ అత్తయ్య వైపు చూశాను. ఆవిడ అప్పటికే ముందు తలుపు తీస్తోంది.

మైదానంలో చెప్పలేకపోయినవి రాస్తున్నాను.

మీవాళ్ళు మా ఇద్దరినీ ఊరికే కూర్చోబెట్టకపోవడం బాగుంది. కోన్ల మధ్యకి వద్దన్నందుకు మీ అత్తయ్య అలిగింది గానీ, టైము రాసే బల్ల దగ్గర పెన్ను చేతికివ్వగానే అలక పోయింది. నాకు నారింజ కోటు ఇచ్చారు. నువ్వు మొదటి పరుగులో పడగొట్టిన కోను నేనే నిలబెట్టాను. ఆ ఒక్కటే. తర్వాత మూడు పరుగుల్లో నాకు పని పెట్టలేదు. కింది నుంచి నాలుగో స్థానం అని నువ్వు మొహం చిన్నబుచ్చుకున్నావు. చివరి పరుగులో, మలుపు దగ్గర, నీ కారు వెనక భాగం పక్కకి జారింది. నేను కళ్ళు మూసుకున్నాను. తెరిచేసరికి కారు తిన్నగా ఉంది. నువ్వు అవతలి మలుపు వైపు చూస్తున్నావు. అంతకు మించిన స్థానం నాకు తెలియదు.

మీ టీచరమ్మకి చేతులు జోడించాను. "నేనేం చెయ్యలేదు, పక్కన కూర్చున్నాను" అన్నారావిడ. ఆ పని ఎంత పెద్దదో ఆవిడకి తెలిసినట్టు లేదు. ప్లంబరుతో కూడా మాట్లాడాను. నేను డ్రైవరుగా చేశానని తెలిసి, వచ్చేసారి కార్ల పరీక్షకి తోడు రమ్మన్నాడు. నాకు ఆ అర్హత లేదని, ఎందుకు లేదో కూడా చెప్పాను. అతను, "అయితే మీరు ఇంకా బాగా చూస్తారు, రండి" అన్నాడు. వస్తాను. మీ అత్తయ్య ఒప్పుకుంది.

ఇంకొకటి. దారిలో నీ చూపు రోడ్డు మీదే ఉంది కాబట్టి నువ్వు గమనించి ఉండవు. ఆ ప్రమాదం తర్వాత మీ అత్తయ్య ఏ కారెక్కినా, టాక్సీ అయినా, పక్కింటివాళ్ళదైనా, తలుపు మీద పిడి పట్టుకునే కూర్చుంటుంది. దిగేసరికి వేళ్ళు ఎర్రగా కందిపోతాయి. నిన్న బయల్దేరినప్పుడూ పట్టుకుంది. వెనక సీట్లోంచి చూస్తూనే ఉన్నాను. రైల్వే గేటు దాటాక ఆ చెయ్యి ఒళ్ళోకి దిగింది. ఇంకాస్త దూరం వెళ్ళాక తల పక్కకి వాలింది. ముందు భయపడ్డాను. వంగి చూస్తే, నోరు కాస్త తెరుచుకుని నిద్రపోతోంది.

నీకు చెబుదామనుకున్నాను. చెబితే వెనక్కి తిరుగుతావని చెప్పలేదు. ఇల్లు వచ్చేదాకా గంటంబావు, దగ్గు వస్తున్నా ఆపుకుని కూర్చున్నాను.

మావయ్య